నేను ఆలస్యంగా చదివిన ఆడమ్ స్మిత్

– ఒక విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు, 1976 పదో తరగతి బ్యాచ్



స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ వాళ్ళు అడిగినప్పుడు మన లెక్కల సారు గురించి రాద్దామనుకున్నాను. కానీ ఆయన గురించి నాకన్నా బాగా రాయగలవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో పదిమంది ఉన్నారు. నేను మాత్రం మన బడి మొహం ఎన్నడూ చూడని ఒక మాస్టారి గురించి రాస్తాను. ఆయన చనిపోయి రెండు వందల ఏళ్ళు దాటింది. పేరు ఆడమ్ స్మిత్. ఇంటర్‌లో అర్థశాస్త్రం చదివినవాళ్ళకు అర్థశాస్త్ర పితామహుడిగా ఆ పేరు గుర్తుండే ఉంటుంది.

ముప్పై ఏళ్ళకు పైగా ఆ పేరు బోర్డు మీద రాస్తూ వచ్చాను. అదృశ్య హస్తం, శ్రమ విభజన, మంచి పన్నుకు ఉండాల్సిన నాలుగు సూత్రాలు. పరీక్షకు వచ్చేది అంతే, నేను చెప్పిందీ అంతే. ఆయన పెద్ద పుస్తకంలో ఐదో భాగం ఉందని తెలుసుగానీ చదవలేదు. రిటైరయ్యాక, మోకాళ్ళ నొప్పితో మంచం పట్టిన ఒక వర్షాకాలంలో చదివాను. అందులో బడుల గురించీ, గుళ్ళు చర్చీల గురించీ ఆయన రాసింది చదువుతుంటే నా ఉద్యోగ జీవితమంతా ఎవరో పక్కన కూర్చుని లెక్కకట్టి చూపించినట్టు అనిపించింది. అందుకే ఆయన జీవితాన్ని మీకు చెప్పాలనుకుంటున్నాను. మధ్యలో నా సంగతి కూడా కొంత వస్తుంది. మన్నించాలి.

తండ్రి లేని పిల్లవాడు

స్కాట్లాండులో సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న ఊరు కిర్కాడీ. స్మిత్ తండ్రి అక్కడ కస్టమ్స్ అధికారి. కొడుకు పుట్టకముందే పోయాడు. పిల్లవాడికి 1723 జూన్ 5న బాప్తిస్మం ఇచ్చినట్టు చర్చి రికార్డులో ఉంది. పుట్టిన తేదీ మాత్రం ఎక్కడా లేదు. తల్లి మార్గరెట్ డగ్లస్ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఆ కొడుకూ చివరిదాకా పెళ్ళి చేసుకోలేదు. తల్లి తొంభై ఏళ్ళ వయసులో పోయేవరకు, గ్లాస్గోలో ఉన్నా ఎడిన్‌బరోలో ఉన్నా, ఆయన ఇల్లంటే తల్లి ఉన్న ఇల్లే.

మూడు నాలుగేళ్ళ వయసులో ఆయన్ని సంచార జాతివాళ్ళు ఎత్తుకుపోయారనీ, మేనమామ వెంటపడి వెనక్కి తెచ్చాడనీ ఒక కథ ఉంది. ఆయన జీవితం రాసిన ప్రతివాళ్ళూ దాన్ని చెప్పారు. నాకు దానికన్నా ముఖ్యమనిపించేది ఆ ఊరి బడి. ప్రతి పారిష్‌లోనూ ఒక బడి ఉండాలనీ, బడి ఇంటికీ మాస్టారి జీతానికీ అక్కడి భూస్వాములు డబ్బు ఇవ్వాలనీ స్కాట్లాండులో 1696లోనే చట్టం చేశారు. ఆ జీతం చాలా తక్కువ. మిగతాది పిల్లలు ఇచ్చే ఫీజు. అందుకని మాస్టారికి బతకడానికి కొంత భరోసా ఉండేది, బాగా చెప్పకపోతే పిల్లలు రారన్న భయమూ ఉండేది. ఈ ఏర్పాటు ఉన్న దేశంలో పెరిగిన స్మిత్ యాభై ఏళ్ళ తర్వాత పుస్తకం రాసేటప్పుడూ దాన్ని మరిచిపోలేదు.

రెండు విశ్వవిద్యాలయాలు

పద్నాలుగేళ్ళకు గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆ రోజుల్లో కాలేజీకి వెళ్ళే వయసు అదే. అక్కడ నీతిశాస్త్రం చెప్పే ఫ్రాన్సిస్ హచిసన్ ఆయన మనసుమీద ముద్ర వేసిన గురువు. హచిసన్ లాటిన్‌ను పక్కనపెట్టి పిల్లలకు అర్థమయ్యే ఇంగ్లీషులో పాఠం చెప్పేవాడు. దేవుడి గురించి తెలియకపోయినా మంచి చెడ్డలు తెలుసుకోవచ్చని చెప్పినందుకు స్థానిక చర్చి పెద్దలు ఆయనమీద అభియోగం మోపారు. విద్యార్థులు గురువు పక్షాన నిలబడ్డారు. గ్లాస్గోలో ప్రొఫెసర్‌కు విశ్వవిద్యాలయం ఇచ్చేది కొద్దిపాటి జీతం. దానికి తోడు ప్రతి విద్యార్థీ ఫీజు తెచ్చి ఆయన చేతికే ఇవ్వాలి. క్లాసు నిండితే ఇల్లు గడుస్తుంది.

1740లో స్నెల్ అనే దాత పేరున ఉన్న ఉపకారవేతనం మీద ఆక్స్‌ఫర్డ్‌లోని బేలియల్ కాలేజీకి వెళ్ళాడు. ఏడాదికి 40 పౌండ్లు. ఇంగ్లండు చర్చి పద్ధతిలో మతగురువులను తయారు చేసి స్కాట్లాండుకు పంపాలని ఆ దాత ఉద్దేశం. అంటే అది చదువుకు ఇచ్చిన డబ్బు మాత్రమే కాదు, ఒక మతశాఖ తన భవిష్యత్తు కోసం పెట్టిన పెట్టుబడి. స్మిత్ డబ్బు తీసుకున్నాడు, చదువుకున్నాడు, మతగురువు మాత్రం కాలేదు.

ఆక్స్‌ఫర్డ్‌లో ఆరేళ్ళున్నాడు. ఆ కాలేజీలకు తరతరాల మాన్యాలు, దాతలిచ్చిన నిధులు ఉండేవి. ప్రొఫెసర్‌కు విద్యార్థి వచ్చినా రాకపోయినా జీతం వస్తుంది. పాఠం చెప్పడం సంగతి అటుంచి, చెబుతున్నట్టు నటించడం కూడా వాళ్ళలో చాలామంది మానేశారని స్మిత్ తర్వాత రాశాడు. హ్యూమ్ రాసిన తత్వశాస్త్ర గ్రంథం చదువుతూ దొరికిపోతే దాన్ని లాక్కుని చీవాట్లు పెట్టారని చెప్పుకుంటారు. స్మిత్ గ్రంథాలయంలో కూర్చుని గ్రీకు, లాటిన్, ఫ్రెంచి పుస్తకాలు తనంతట తాను చదువుకున్నాడు. ఒకే మనిషి, రెండు ఊళ్ళు, జీతమిచ్చే రెండు పద్ధతులు. పేద విశ్వవిద్యాలయంలో చదువు చెప్పారు, ధనిక విశ్వవిద్యాలయంలో చెప్పలేదు. ఈ తేడాకు కారణమేమిటని ఆయన ఆలోచించాడు. గ్లాస్గోవాళ్ళు మంచివాళ్ళనీ ఆక్స్‌ఫర్డ్‌వాళ్ళు చెడ్డవాళ్ళనీ తేల్చేసి ఊరుకోలేదు. డబ్బు ఏ దారిన వస్తే మనిషి ఎలా నడుచుకుంటాడన్నది ఆయన ప్రశ్న.

ఫీజు వాపసు ఇచ్చిన మాస్టారు

ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చాక ఆయనకు వెంటనే ఉద్యోగం దొరకలేదు. 1748 నుంచి ఎడిన్‌బరోలో టిక్కెట్టు పెట్టి ఉపన్యాసాలు ఇచ్చాడు. మన మాటల్లో చెప్పాలంటే ప్రైవేట్లు చెప్పాడు. జనం వచ్చారు. ఆ పేరుతోనే 1751లో గ్లాస్గోలో తర్కశాస్త్ర ప్రొఫెసర్ పదవి వచ్చింది, మరుసటి ఏడాది హచిసన్ కూర్చున్న నీతిశాస్త్ర పీఠమూ దక్కింది. చేరేముందు చర్చి పెద్దల ఎదుట వాళ్ళ విశ్వాస ప్రకటనమీద సంతకం పెట్టాలి. పెట్టాడు. క్లాసు మొదట్లో ప్రార్థన చేయించడం నుంచి మినహాయింపు అడిగాడనీ, వాళ్ళు ఒప్పుకోలేదనీ అంటారు. ఖాళీ అయిన తర్కశాస్త్ర పీఠానికి తన స్నేహితుడు హ్యూమ్‌ను తీసుకుంటే బాగుంటుందని ఆయనకు ఉంది. కానీ హ్యూమ్‌కు నాస్తికుడన్న పేరుంది, ఊరు ఒప్పుకోదు, దానివల్ల విశ్వవిద్యాలయానికి నష్టం రావచ్చని ఒక ఉత్తరంలో ఒప్పుకున్నాడు. హ్యూమ్‌కు ఆ పదవి రాలేదు. స్మిత్ గట్టిగా పోరాడనూ లేదు. మహనీయుల జీవితాల్లో మనం ఇలాంటివి దాచేస్తాం. దాచాల్సిన పని లేదనుకుంటాను.

ఆయన క్లాసు చెప్పే పద్ధతి గురించి చాలామంది రాశారు. మొదట తడబడేవాడట. పోనుపోను వేడెక్కేవాడు. ఒక విద్యార్థి మొహం చూసి, అర్థమైందో లేదో దాన్ని బట్టి పాఠం మార్చుకునేవాడని చెబుతారు. రష్యా నుంచి ఇద్దరు కుర్రాళ్ళు, జెనీవా నుంచి ఒక ప్రసిద్ధ వైద్యుడి కొడుకు ఆయన దగ్గర చదవడానికి వచ్చారు. ఈ పదమూడేళ్ళనే తన జీవితంలో అన్నిటికన్నా ఉపయోగకరమైన, సంతోషకరమైన కాలమని ఆయన తర్వాత చెప్పుకున్నాడు.

1764 జనవరిలో ఆ ఉద్యోగం వదిలాడు. బక్లూ ప్రభువుకు ట్యూటర్‌గా ఫ్రాన్సు తీసుకెళ్ళే అవకాశం వచ్చింది. ఏడాదికి 300 పౌండ్లు, పని అయిపోయాక జీవితాంతం అంతే పింఛను. విద్యా సంవత్సరం మధ్యలో వెళ్ళిపోతున్నాడు కాబట్టి మిగతా పాఠాలు చెప్పడానికి వేరొకరిని ఏర్పాటు చేశాడు. అది చాలదనుకున్నాడు. చివరి క్లాసు రోజున ఒక్కొక్క విద్యార్థి ఫీజూ కాగితంలో పొట్లం కట్టి తెచ్చాడు. మొదటి కుర్రాణ్ణి పిలిచి ఇవ్వబోతే వద్దన్నాడు. మీరు చెప్పిన పాఠానికే మేం రుణపడి ఉన్నామని క్లాసంతా ఒక్కటే మాటమీద నిలబడింది. స్మిత్ వినలేదు. ఇది తన మనసు తృప్తి కోసమని చెప్పి, ఆ కుర్రాడి కోటు పట్టుకుని డబ్బు జేబులో కుక్కి తోసేశాడు. ఇక లాభం లేదని మిగతావాళ్ళూ తీసుకున్నారు.

ఇక్కడ పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చుండిపోయాను. ఎందుకో చెబుతాను.

నా సంగతి

నాకు ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఉద్యోగం. ఒకటో తారీఖు జీతం పడేది. క్లాసులో డెబ్భై మంది ఉన్నా ఏడుగురున్నా అదే జీతం. పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిది దాకా ఇంటి వసారాలో ప్రైవేట్లు చెప్పేవాణ్ణి. అక్కడ తలకు ఇంతని ఫీజు. డిమాండ్, సప్లయి గీతలు వసారాలో రంగు చాక్‌పీసులతో గీసేవాణ్ణి. కాలేజీలో అదే పాఠాన్ని నోట్సు డిక్టేట్ చేసి వదిలేసేవాణ్ణి. ఎవరూ నన్ను తప్పు పట్టలేదు. నేనూ పట్టుకోలేదు. తోటి లెక్చరర్లలో చాలామంది చేసేది అదే.

ఒక ఏడాది, మన 1976 బ్యాచ్‌లో నా పక్క బెంచీలో కూర్చున్న మిత్రుడి కొడుకు నా క్లాసులో ఉన్నాడు. మా వాడు మార్కెట్ యార్డులో హమాలీ. ప్రైవేటుకు రమ్మని నేనే ఆ పిల్లాడితో అన్నాను, ఫీజు ఎంతో కూడా చెప్పాను. అతను రాలేదు. ఆ ఏడాది అర్థశాస్త్రంలో తప్పాడు. మళ్ళీ కట్టలేదు. ఇప్పుడు ఊళ్ళో ఆటో నడుపుతున్నాడు. బస్టాండు దగ్గర కనిపిస్తే సార్ అని పిలిచి ఎక్కించుకుంటాడు. దిగేటప్పుడు డబ్బులిస్తే తీసుకోడు. గురువు దగ్గర డబ్బు తీసుకోవడమేంటని తప్పుకుంటాడు. ఆ అబ్బాయికి నేను ఏం గురువునో నాకు తెలుసు.

ఒక మతం, మూడొందల మతాలు

మళ్ళీ స్మిత్ దగ్గరకు వస్తాను. ఫ్రాన్సులో ఆయన ఎక్కువ కాలం ఉన్నది తులూజ్ పట్టణంలో. అంతకు రెండేళ్ళ ముందు, 1762లో, అక్కడే జాన్ కాలాస్ అనే బట్టల వ్యాపారిని చక్రానికి కట్టి ఎముకలు విరిచి చంపారు. కొడుకు కాథలిక్ మతంలోకి మారబోతున్నాడని ప్రొటెస్టెంట్ తండ్రే చంపేశాడని అభియోగం. అది అబద్ధం. వోల్టేర్ పూనుకుని పోరాడాక 1765లో కాలాస్ నిర్దోషి అని తేల్చారు. మనిషి పోయాక వచ్చిన తీర్పు. స్మిత్ ఆ ఊళ్ళో ఉండగానే ఇది జరిగింది. జెనీవాలో వోల్టేర్‌ను కలిశాడు, ప్యారిస్‌లో అర్థశాస్త్రవేత్తలను కలిశాడు. కాలాస్‌ను మరిచిపోలేదు. చివరి రోజుల్లో తన మొదటి పుస్తకం, నీతి భావాల సిద్ధాంతాన్ని సవరిస్తూ ఆ పేరు అందులో చేర్చాడు.

తిరిగి వచ్చి పదేళ్ళు, ఎక్కువ భాగం కిర్కాడీలో తల్లి దగ్గరే కూర్చుని, రాసిన పుస్తకం 1776 మార్చి 9న వెలువడింది. వెల్త్ ఆఫ్ నేషన్స్. అందులో మతాన్ని కూడా ఆయన బడిని చూసినట్టే చూశాడు. మతగురువు సంపాదన ఎక్కణ్ణుంచి వస్తుంది? భక్తులు ఇష్టపడి ఇచ్చే కానుకల నుంచా, లేక మాన్యాలు, పన్నులు, ప్రభుత్వ జీతం నుంచా? మొదటి రకం వాళ్ళు ఊరూరా తిరుగుతారు, జబ్బుపడినవాళ్ళ ఇంటికి వెళ్తారు, జనం భాషలో మాట్లాడతారు. రెండో రకం వాళ్ళు చదువుకున్నవాళ్ళు, మర్యాదస్తులు, కానీ జనానికి దూరమవుతారు. అందుకే ఇంగ్లండులో అధికారిక చర్చి కునుకు తీస్తుంటే కొత్తగా వచ్చిన మెథడిస్టులు జనాన్ని లాగేసుకుంటున్నారని గమనించాడు.

దీనిమీద హ్యూమ్‌కు వేరే అభిప్రాయం ఉంది. కానుకలమీద బతికే మతగురువు అంగట్లో సరుకు అమ్మేవాడిలాంటివాడు, గిరాకీ కోసం మూఢత్వాన్నీ పక్కమతం మీద ద్వేషాన్నీ రెచ్చగొడతాడు, కాబట్టి ప్రభుత్వం జీతమిచ్చి ఆ గురువుల్ని బద్ధకస్తుల్ని చేయడమే దేశానికి క్షేమం. ఇదీ హ్యూమ్ వాదన. స్మిత్ స్నేహితుడి వాదనను దాచకుండా తన పుస్తకంలో పేజీలకొద్దీ ఎత్తి రాసి, తర్వాత దానికి జవాబు చెప్పాడు. దేశంలో ఒకటో రెండో పెద్ద మతశాఖలు ఉంటే ఆ ఆవేశం ప్రమాదమే. రెండు మూడు వందలు, ఇంకా వేలు ఉంటే? అప్పుడు ఏ ఒక్కదానికీ దేశాన్ని కదిలించే బలం ఉండదు. చుట్టూ తనతో ఏకీభవించనివాళ్ళే కనిపిస్తుంటే ప్రతి గురువూ కాస్త వినయం, కాస్త ఓర్పు నేర్చుకోక తప్పదు. ప్రభుత్వం ఏ పక్షమూ పట్టకుండా ఉంటే చాలు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో అలా జరుగుతోందని ఉదాహరణ చూపాడు. పోటీ ఒక్కటే చాలదని కూడా ఆయనకు తెలుసు. చిన్న శాఖలు మరీ కఠినంగా తయారైతే, వాటికి విరుగుడుగా చదువుకున్న వర్గాల్లో విజ్ఞానశాస్త్రాల అధ్యయనం, జనానికి నాటకాలు, సంగీతం, నృత్యం లాంటి వినోదాలు ఉండాలన్నాడు.

చర్చికీ చదువుకూ మధ్య ఆయన చూపిన ఇంకో లంకె నాకు చాలా నచ్చింది. చర్చి పదవుల్లో పెద్ద ఆదాయం ఉన్న దేశాల్లో తెలివైనవాళ్ళు విశ్వవిద్యాలయం వదిలి చర్చికి పోతారు. స్కాట్లాండు చర్చి మొత్తం ఆదాయం 1755లో సుమారు 68,500 పౌండ్లే. పదవులన్నీ కొంచెం అటూ ఇటూగా సమానం. అందుకే అక్కడ చర్చిలో నిరాడంబరులైన గురువులూ, విశ్వవిద్యాలయాల్లో మంచి ప్రొఫెసర్లూ మిగిలారు. ఒక సంస్థ జీతాలు ఇంకో సంస్థ నాణ్యతను నిర్ణయిస్తాయన్నమాట.

ఇక బడుల సంగతి. స్మిత్ అంటే అంతా ప్రైవేటుకు వదిలేయమన్నాడని మనలో చాలామంది అనుకుంటాం. నేనూ అలాగే చెప్పాను. నిజానికి రోజంతా గుండుసూదిలో ఒక్క ముక్క చేసే కూలీకి మెదడు మొద్దుబారిపోతుందనీ, అతని పిల్లల చదువు ప్రభుత్వం బాధ్యతేననీ ఆయన స్పష్టంగా రాశాడు. చదవడం, రాయడం, లెక్కలు. కొంచెం లాటిన్ ముక్కలకు బదులు జ్యామితి, యంత్రాల సూత్రాలు నేర్పితే ఇంకా మంచిది. ప్రతి పారిష్‌లో చిన్న బడి ఉండాలి. ఫీజు మామూలు కూలీ కూడా కట్టగలిగేంత తక్కువగా ఉండాలి. మాస్టారికి ప్రభుత్వం కొంత ఇవ్వాలిగానీ మొత్తం ఇవ్వకూడదు. మొత్తమో, ఎక్కువ భాగమో అక్కణ్ణుంచే వస్తే ఆయన పని చేయడం మరిచిపోతాడు. అలాగని మొత్తం ఫీజే అయితే కూలీ కొడుకు బయటే ఉండిపోతాడు. ఈ రెండో మాట నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మా వసారా బయట ఉండిపోయిన పిల్లవాడు నాకు తెలుసు.

చివరి ఏళ్ళు

పుస్తకం వచ్చిన ఏడాదే ఆగస్టు 25న హ్యూమ్ పోయాడు. మతం మీద తాను రాసిన సంభాషణల గ్రంథాన్ని అచ్చు వేయించమని ప్రాణస్నేహితుడు కోరితే స్మిత్ వెనకాడాడు. ఆ పని చేయలేదు. కానీ హ్యూమ్ భయం లేకుండా, నవ్వుతూ, ప్రశాంతంగా ఎలా చనిపోయాడో చెబుతూ ఒక ఉత్తరం రాసి ప్రచురించాడు. దేవుణ్ణి నమ్మనివాణ్ణి సజ్జనుడన్నందుకు భక్తులు మండిపడ్డారు. బ్రిటన్ వాణిజ్య విధానాన్నంతా ఎండగట్టిన పెద్ద పుస్తకానికి రానన్ని తిట్లు ఆ చిన్న ఉత్తరానికి వచ్చాయని ఆయనే ఆశ్చర్యపోయాడు.

1778లో ఎడిన్‌బరోలో కస్టమ్స్ కమిషనర్ అయ్యాడు. ఏడాదికి 600 పౌండ్ల జీతం. దిగుమతి సుంకాలు తప్పన్నవాడు సుంకాలు వసూలు చేసే కుర్చీలో కూర్చున్నాడని నవ్వుకోవచ్చు. నిషేధించిన సరుకుల జాబితా చదివి, తన బట్టల్లోనే అవి చాలా ఉన్నాయని తెలుసుకుని తగలబెట్టేశానని ఒక ఉత్తరంలో రాశాడు. నాకు ఇంకోటి తోచింది. స్థిర జీతం మనిషిని బద్ధకస్తుణ్ణి చేస్తుందన్న ఆయన తనకు స్థిర జీతం వచ్చాక ఆఫీసు ఎగ్గొట్టలేదు. బోర్డు సమావేశాలకు శ్రద్ధగా హాజరయ్యేవాడు. ఉద్యోగం వచ్చింది కాబట్టి పింఛను ఆపేయమని బక్లూ ప్రభువుకు చెబితే ఆయన ఒప్పుకోలేదు. స్మిత్ సిద్ధాంతాన్ని స్మిత్ జీవితమే పూర్తిగా బలపరచదు. డబ్బు వచ్చే దారి మనిషిని ఒకవైపు నెడుతుంది. ఆ నెట్టుడుకు లొంగడమా లేదా అన్నది మనిషి చేతుల్లోనే ఉంటుంది. నా విషయంలో సాకులు వెతుక్కున్నప్పుడల్లా ఇది గుర్తుకొస్తుంది.

1784లో తల్లి, 1788లో ఇల్లు చూసుకునే బంధువు జానెట్ డగ్లస్ పోయారు. 1787లో గ్లాస్గో విశ్వవిద్యాలయం ఆయన్ని రెక్టర్‌గా ఎన్నుకుంది. పూర్వ విద్యార్థికి తన బడి ఇచ్చే గౌరవం కన్నా పెద్దది లేదని ఆయన పొంగిపోయాడు. మన సంఘం సభ్యులకు ఆ సంతోషం అర్థమవుతుంది. 1790 జులైలో, మరణానికి కొద్ది రోజుల ముందు, స్నేహితుల చేత తన రాతప్రతులు చాలావరకు కాల్పించేశాడు. జులై 17న పోయాడు. అంత సంపాదన ఉన్నా మిగిలింది తక్కువ. రహస్యంగా దానాలు చేసేవాడని తర్వాత తెలిసింది.

మన సీమకు వచ్చిన గ్లాస్గో విద్యార్థి

స్మిత్ చదివి, పాఠం చెప్పిన గ్లాస్గో విశ్వవిద్యాలయంలోనే చదివిన ఒకాయన మనకు బాగా తెలుసు. మన పెద్దలు మన్రోలయ్య అని పేరు పెట్టుకున్న థామస్ మన్రో. 1827లో పత్తికొండలో కలరాతో పోయిన ఆ మన్రోనే. ఆయన మద్రాసు గవర్నరుగా 1822లో జిల్లాల్లో బడులెన్ని ఉన్నాయో లెక్క తీయించాడు. బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారని రాశాడు. అనంతపురం ప్రాంతం కూడా అప్పుడు బళ్ళారిలోదే. తెలుగు, కన్నడ బడులు ఎక్కువ. తల్లిదండ్రులు తమ స్తోమతను బట్టి అయ్యవారికి ఇచ్చుకునేవాళ్ళు. జనం పేదవాళ్ళయ్యేకొద్దీ బడులు మూతపడుతున్నాయని కూడా ఆ కలెక్టరే రాశాడు. ఫీజు ఒక్కటే ఆధారమైతే ఏమవుతుందో అందులో ఉంది.

1826లో మన్రో ఒక పథకం వేశాడు. తాలూకా బడి అయ్యవారికి సర్కారు నెలకు 9 రూపాయలు ఇస్తుంది, కనీసం అంత పిల్లల ఫీజుల నుంచి వస్తుంది. కొంత సర్కారుది, కొంత తల్లిదండ్రులది. స్మిత్ చెప్పిన పారిష్ బడి లెక్కే ఇది. మరుసటి ఏడాదే ఆయన పోయాడు. పథకం ఎక్కువ కాలం నిలవలేదు.

మన కాలంలోనూ ఈ ప్రశ్నను మన నేలమీదే పరీక్షించారు. 2008 నుంచి నాలుగేళ్ళపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5 జిల్లాల్లోని 180 గ్రామాల్లో, లాటరీ తీసి కొందరు ప్రభుత్వ బడి పిల్లలకు ప్రైవేటు బడిలో చదవడానికి ఫీజు ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే అర్థశాస్త్రవేత్తలు ఫలితాలను 2015లో ప్రచురించారు. తెలుగులో, లెక్కల్లో ఆ పిల్లలకూ మిగతావాళ్ళకూ తేడా రాలేదు. ప్రభుత్వ బడిలో చెప్పని హిందీలో బాగా ముందున్నారు. ప్రైవేటు బడికి ఒక్కో పిల్లవాడిమీద అయ్యే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడోవంతు కూడా లేదు. రెండు పక్షాలవాళ్ళూ ఇందులో తమకు కావాల్సిన ముక్క తీసుకున్నారు. నాకు అర్థమైంది వేరు. బడి మారినంత మాత్రాన పిల్లవాడు మారడు, ప్రభుత్వ బడి తన ఖర్చుకు తగ్గ పని చేయడమూ లేదు.

నేనూ ఎంచుకున్నాను. నా కొడుకును మన బడికి పంపలేదు. పట్టణంలో క్రైస్తవ మిషనరీల ఇంగ్లీషు మీడియం బడిలో వేశాను. ప్రతి శనివారం వెంకటేశ్వరస్వామికి ఉపవాసముండే మా ఆవిడ ఆ బడి దరఖాస్తు కోసం తెల్లవారుజామున నాలుగింటికి వరుసలో నిలబడింది. ఆ వరుసలో ముస్లిం తల్లులూ ఉన్నారు. అక్కడి ప్రార్థన కోసం ఎవరమూ పోలేదు. సొంత జీతమంటూ లేని ఆ సిస్టర్లు బెల్లు కొట్టకముందే గేటు దగ్గర ఉంటారని పోయాం. స్మిత్ చెప్పిన మెథడిస్టుల కథే ఇది. మనం చదివేటప్పుడు మన బడిలో తరగతికి మూడు సెక్షన్లు. ఇప్పుడు ఒకటి. ఆ రెండు సెక్షన్ల పిల్లల్ని తీసుకుపోయినవాళ్ళలో నాలాంటి మాస్టర్లే ఎక్కువ.

సంఘానికి ఒక మనవి

మొన్న ఉగాదికి ముందు ఆ ఆటో అబ్బాయి నన్ను దింపుతూ ఒక మాట అడిగాడు. అతని కూతురు మన బడిలోనే ఎనిమిదో తరగతి. అప్పు చేసైనా ప్రైవేటు బడికి మార్చమంటారా, ఇక్కడే ఉంచమంటారా అని. ఈ సంవత్సరం లెక్కలు ఎవరు చెబుతున్నారని అడిగాను. ఎవరూ లేరన్నాడు. పోస్టు ఖాళీ. ఆ ఒక్క జవాబు తర్వాత నేను స్మిత్ చెప్పినా మన్రో చెప్పినా అతనికి పనికిరాదు. నాలుగు రోజులు టైమివ్వమన్నాను.

స్వర్ణోత్సవ నిధితో బడి ముందు స్వాగత తోరణం కట్టాలని ప్రతిపాదన ఉందని విన్నాను. తోరణం అందంగానే ఉంటుంది. కానీ నా ఓటు లెక్కలు చెప్పే ఒక మనిషికి. పోస్టు భర్తీ అయ్యేదాకా ఆ జీతం సంఘం ఇవ్వాలి. అందులో కొంత భాగాన్ని ఏడాది చివర పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకున్నాకే ఇవ్వాలి. తల్లిదండ్రుల దగ్గర పైసా తీసుకోకూడదు, మాట మాత్రం వాళ్ళది ఉండాలి. ఇది స్మిత్ లెక్కకు నేను చేసిన చిన్న సవరణ.

ఆ ఏడాది నా వసారాలో వచ్చిన ప్రైవేటు ఫీజులు పాత డైరీలో రాసి ఉన్నాయి. కూడితే ఎంతో, ఇప్పటి రూపాయల్లో ఎంత అవుతుందో లెక్కకట్టి, ఆ మొత్తాన్ని ఈ నిధి కింద సంఘం కోశాధికారికి ఇచ్చాను. ఆటో అబ్బాయి జేబులో కుక్కడానికి ప్రయత్నిస్తే అతను తీసుకోడని తెలుసు. మన బడికి లెక్కల సారు వస్తే అతని కూతురి క్లాసు దాకా అది చేరుతుంది.

జూన్‌లో బడి తెరుస్తారు. అంతలోపు సంఘం కార్యవర్గం తేలిస్తే ఆ అబ్బాయికి నేను జవాబు చెప్పగలుగుతాను.